చప్పుడు ఇంజనుదా, చక్రానిదా?

దూరాలు తిరిగే బళ్ళ గురించి పాఠకులు అడిగినవి, మా జవాబులు

ప్రశ్న: నాది 2022 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ఇప్పటికి 18,000 కిలోమీటర్లు తిరిగింది. 65 దాటితే చాలు, కింద నుంచి గుర్రుమని ఒకటే రొద. ఫుట్‌రెస్టుల మీద కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఇంకా చిక్కటి ఇంజనాయిల్ పోస్తే తగ్గుతుందంటున్నాడు మెకానిక్. పోయించమంటారా?
– కర్నూలు పాఠకుడు

జవాబు: ఆయిల్ జోలికి పోకండి. ఆ చప్పుడు ఇంజనుదో చక్రాలదో ముందు తేల్చుకోండి. దానికి పైసా ఖర్చు లేదు. వెనకా ముందూ బళ్ళు లేని తిన్నటి రోడ్డు మీద 70లో పోతూ యాక్సిలరేటర్ వదిలేసి క్లచ్ పట్టండి. ఇంజను ఐడిలింగుకు దిగిపోతుంది, బండి మాత్రం ఆ ఊపు మీదే పోతుంటుంది. చప్పుడు కూడా ఇంజనుతోపాటే పడిపోయిందా, ఇంజను మౌంటింగ్ బోల్టులు, సైలెన్సర్ క్లాంపులు, క్రాష్ గార్డు చూడాలి. అలా కాక వేగం తగ్గేకొద్దీ మెల్లగా సన్నబడిందా, అది చైనో, టైరో, వీల్ బేరింగో.

18,000 అంటున్నారు కాబట్టి మా అనుమానం మొదట చైను మీదే. ఇంజను ఆపి, సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టండి. చైను కింది వరసను మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించి ఎంత ఆడుతోందో స్కేలుతో కొలవండి. ఒక్కచోట కొలిచి ఊరుకోవద్దు. చక్రాన్ని పావు పావు తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒకచోట 25 మి.మీ. ఆడి, ఇంకోచోట 45 ఆడితే చైను ఒక్కో దగ్గర ఒక్కోలా సాగిందన్నమాట. దాన్నిక ఎంత సర్దినా లాభం లేదు, ముందూ వెనకా స్ప్రాకెట్లతో (చైను తిరిగే పళ్ళ చక్రాలు) కలిపి సెట్టు మార్చాల్సిందే. అంతటా ఒకేలా ఉంటే మాన్యువల్లో ఇచ్చిన లెక్కకు సర్దించండి. "ఇంకొంచెం టైట్ చెయ్ అన్నా" అని మాత్రం అనకండి. మీరెక్కి కూర్చోగానే వెనక భాగం దిగి చైను ఇంకా బిగుస్తుంది. ఆ లాగుడంతా ముందు స్ప్రాకెట్ వెనకున్న గేర్‌బాక్స్ బేరింగు మీదా ఆయిల్ సీలు మీదా పడుతుంది. చైను వదులైతే టకటకలాడుతుంది, బిగువైతే కూత పెడుతుంది. ఖర్చు పెట్టించేది రెండోదే.

చైను కడగడానికి కిరోసిన్ గానీ డీజిల్ గానీ, మెత్తటి బ్రష్షుతో. పెట్రోలూ ఇనుప బ్రష్షూ వద్దు. లింకుల మధ్య సన్నటి రబ్బరు రింగులుంటాయి, అవి దెబ్బతింటే కంపెనీ లోపల పెట్టిన గ్రీజు బయటికి పోతుంది. పొడిగా తుడిచాక చైన్ ల్యూబ్ గానీ 90 నంబరు గేరాయిల్ గానీ లోపలి వైపు నుంచి సన్నగా వేయండి. 500 కి.మీ.కు ఒకసారి, వానలో తడిస్తే ఆ రోజే. రాత్రి వేసి పొద్దున బయల్దేరడం మేలు. వేసిన వెంటనే బండి తీస్తే సగం వెనక రిమ్ముకే అంటుతుంది. ఇంజను స్టార్ట్ చేసి, గేరులో పెట్టి, తిరుగుతున్న చైను మీద గుడ్డ పెట్టేవాళ్ళను చూస్తుంటాం. వేళ్ళు పోగొట్టుకునే పద్ధతి అది.

చైను బాగానే ఉంటే టైరు మీద అరచేతిని ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే రొద టైరుదే. ఇక ముందు చక్రం లేపి ఫోర్కు మీద చెయ్యి ఆనించి తిప్పండి. మంచి బేరింగు తిరుగుతున్నట్టే తెలియదు. పోబోయేది వేళ్ళ కింద ఇసుక నలుగుతున్నట్టు గరగరమంటుంది. వెనక హబ్బులోని రబ్బర్లు కూడా చూడమనండి. చక్రం కదలకుండా పట్టుకుని స్ప్రాకెట్‌ను ఆడిస్తే ఎక్కువ ఆట ఉండకూడదు.

ఆయిల్ సంగతి. మీ ఇంజనుకు కంపెనీ చెప్పిన చిక్కదనం 15డబ్ల్యూ50 గ్రేడు. అంతకన్నా చిక్కటిది పోస్తే కొన్నాళ్ళు చప్పుడు అణిగినట్టే ఉంటుంది, చల్లటి ఇంజను స్టార్టయినప్పుడు మాత్రం పైన హెడ్డుకు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది. ఇంజను వాల్వులను తెరిచే టాపెట్లకూ ఇదే మాట, చప్పుడు అణచాలని చూడొద్దు. ఇదే కంపెనీ పాత యూసీఈ రకం ఇంజన్లలో ఆయిల్ ఒత్తిడితో సందు తామే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు, సర్దే పనే లేదు. మీ దానికి ఇంజను పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి సర్దాలి. సన్నటి టిక్‌టిక్ ఉంటే ఉండనివ్వండి. అసలు వినపడకుండా బిగిస్తే ఎగ్జాస్ట్ వాల్వు సరిగా మూసుకోక కాలిపోతుంది.

ప్రశ్న: విండ్‌షీల్డ్ పెట్టించాక హెల్మెట్‌లో హోరు తగ్గకపోగా పెరిగింది. పెద్ద షీల్డ్ కొనాలా?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: కొనే ముందు చిన్న పరీక్ష. 60లో పోతూ సీటులోంచి నాలుగు వేళ్ళ ఎత్తు లేవండి. తర్వాత అంతే కిందికి వంగండి. లేచినప్పుడు హోరు సమంగా, మెత్తగా మారితే షీల్డ్ పై అంచు దగ్గర చెదిరిన గాలి సుడులు తిరుగుతూ మీ హెల్మెట్‌ను కొడుతోందని అర్థం. తలను అటూ ఇటూ ఊపేసేది ఆ సుడులే. షీల్డ్‌ను కొంచెం వెనక్కి వాల్చి, లేదా ఒకటి రెండు అంగుళాలు కిందికి దించి చూడండి. కొన్ని బళ్ళకు షీల్డ్ అడుగున వేలు పట్టేంత సందు వదిలితే, కింది నుంచి కొంత గాలి వచ్చి పైన సుడి తగ్గుతుంది. ఎత్తు ఏదైనా రోడ్డును షీల్డ్ పైనుంచి చూడాలి గానీ షీల్డ్ లోంచి కాదు. రాత్రి వానలో ఘాట్ దిగేటప్పుడు ఎదుటి లైట్లు అందులో చెదిరి ఏమీ కనపడదు.

ఏం చేసినా 80 దాటాక గాలి రొద ఇంజనును మించిపోతుంది, హెల్మెట్ లోపల 90 డెసిబెల్స్ దాటడం మామూలే. చెవికి 85 డెసిబెల్స్ 8 గంటల దాకా పర్వాలేదంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగం అవుతుంది. 94కు గంట, 100కు పావుగంట. కాబట్టి మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు కొనండి. సన్నటి వత్తిలా నలిపి, రెండో చేత్తో తల మీదుగా చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి అర నిమిషం వేలు తీయకుండా పట్టుకోవాలి. చెవి లాగకుండా పెడితే సగమే దిగుతుంది, ఉపయోగం ఉండదు. హారన్లు, సైరన్లు వినిపిస్తూనే ఉంటాయి. పాటల ఇయర్‌ఫోన్లు వీటికి బదులు కావు.

ప్రశ్న: జెల్ ప్యాడ్ వేసినా గంటకే సీటు నొప్పి. వెనక మా ఆవిడ కూర్చుంటే ప్రతి గుంతకూ నడుము పట్టేస్తోంది అంటోంది.
– ఖమ్మం పాఠకుడు

జవాబు: సీటు మెత్తగా ఉంటే సుఖం అనుకోవడం దగ్గరే పొరపాటు. మెత్తటి ఫోమ్ అరగంటలో అణిగిపోయి, కూర్చునే ఎముకలు అడుగున ఉన్న గట్టి పలకకు ఆనతాయి. జెల్ అయితే మే నెల ఎండలో గంటసేపు పెట్టి చూడండి, పెనంలా ఉంటుంది. సీట్లు కుట్టేవాళ్ళ దగ్గర కవర్ విప్పించి, కూర్చునే చోట ఒకటిన్నర అంగుళం పాత ఫోమ్ తీయించండి. అడుగున గట్టి రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కలు అతికించి ఒత్తినది), పైన ఒక అంగుళం 40 డెన్సిటీ ఫోమ్ పెట్టించండి. ట్యాంకు దగ్గర వెడల్పు పెంచనివ్వకండి, కాళ్ళు నేలకు అందవు. సీటు ముందుకు వాలి ఉంటే మీరు జారి ట్యాంకుకు ఆనుకుంటారు, బరువంతా మణికట్ల మీద పడుతుంది. ఆ వాలు సరిచేయించండి. ఎముకల కింద కుట్టు రాకూడదు. రెగ్జిన్ కింద పలచటి ప్లాస్టిక్ షీటు తప్పనిసరి, లేకపోతే కుట్లలోంచి దిగిన వాన నీళ్ళు ఫోమ్ తాగేస్తుంది.

మీ ఆవిడ నడుము సంగతి సీటుతో తేలదు. ఇద్దరు ఎక్కినా షాకబ్సర్లు ఒక్కరి లెక్కనే ఉండి, గుంతలో అడుగంటి కొడుతున్నాయి. మీ బండికి ప్రీలోడ్ మెట్లుంటే (షాకబ్సర్ స్ప్రింగును బిగించే మెట్లు) టూల్‌కిట్‌లోని సి-స్పానరుతో రెండువైపులా సమానంగా పెంచాలి. చక్రం గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి మడ్‌గార్డు మీద ఒక గుర్తు దాకా కొలవండి. ఇద్దరూ కూర్చున్నాక మూడో మనిషితో మళ్ళీ కొలిపించండి. షాకబ్సర్లు మొత్తం దిగగలిగినంతలో మూడో వంతు దగ్గర దిగితే సరిపోయినట్టు. ఒంటరిగా తిరిగేటప్పుడు మళ్ళీ తగ్గించుకోండి.

ప్రశ్న: సైలెన్సర్ విప్పి బిగించాక యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా ఫట్‌ఫట్‌మంటోంది. లోపల గ్లాస్ ఊల్ కూరిస్తే ఇంకా నిశ్శబ్దంగా ఉంటుందా?
– నెల్లూరు పాఠకుడు

జవాబు: పాత గాస్కెట్టే (కీలులో సందు లేకుండా పెట్టే రింగు) పెట్టి బిగించి ఉంటారు. ఇంజను దగ్గర బెండ్ పైపు కీలులోంచి బయటి గాలి లోపలికి పోయి, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి అక్కడ అంటుకుంటోంది. పొద్దున్నే చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, వెంటనే ఆ కీలు మీద సబ్బు నీళ్ళు చల్లితే బుడగలొస్తాయి. కొత్త గాస్కెట్ వేయించండి. కూరడం వద్దు, ఊల్ కాలి ఊడిపోతుంది, దారి మూసుకుంటే ఇంజను వేడెక్కుతుంది. కంపెనీ సైలెన్సరుకు మించిన నిశ్శబ్దం బజార్లో దొరకదు. మోత ఎక్కువ చేసేవి పెట్టినవాళ్ళకు మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ప్రశ్న: వెనక టాప్ బాక్స్ పెట్టాక 80 దాటితే హ్యాండిల్ వణుకుతోంది.
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: బాక్సులో ఏం పెట్టారో మీరు రాయలేదు గానీ, బరువైనవే పెట్టి ఉంటారు. వెనక యాక్సిల్‌కు అవతల వేలాడే బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. పానాలు, తాళం గొలుసు, నీళ్ళ సీసాలు పక్క బ్యాగుల్లో కిందగా, ముందుకు సర్దండి. బాక్సులో రెయిన్‌కోటు, బట్టలు చాలు. మూత లోపల ఎన్ని కిలోలని రాసి ఉంటుంది, చూడండి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొలిపించండి.

వణుకు మొదలైతే ముందు బ్రేకు గట్టిగా పట్టవద్దు. మోకాళ్ళతో ట్యాంకును బిగించి, చేతులు వదులుగా ఉంచి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి.

బరువు తీసేసినా వణికితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) చూపించండి. ముందు చక్రం లేపి, ఫోర్కు కింది కొసలు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టక్కుమంటే అది వదులు. హ్యాండిల్ తిప్పుతుంటే సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే ఆ బేరింగు గిన్నెలు అరిగాయి, మార్చాలి. బిగించేటప్పుడు టక్కు పోయిన చోట ఆపమనండి. చక్రం గాల్లో ఉండగా వేలితో కొంచెం తోస్తే హ్యాండిల్ తన బరువుకు తానే పక్కకు వాలిపోవాలి.