క్లచ్ జారడం వేరు, గేర్ జారడం వేరు

అన్నా, మీ బైక్ టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి లాగట్లేదు, పైగా రెండో గేర్ దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది అన్నారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది క్లచ్ స్లిప్, అంటే క్లచ్ లోపలి ప్లేట్లు పట్టు వదిలి జారడం. ఇంజిన్ విప్పే ముందు క్లచ్ కేబుల్ చూడండి. క్లచ్ లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు వదులుగా ఆడాలి. అసలు ఆడకపోతే ప్లేట్లు పూర్తిగా పట్టుకోవు. ఈమధ్య కారు ఆయిల్ పోశారా? దానివల్ల కూడా క్లచ్ జారొచ్చు. నేను ఒకసారి ఆ పొరపాటు చేసి అనవసరంగా ప్లేట్లు మార్చాను! డబ్బా మీద జాసో ఎంఏ (బైక్ క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) ఉన్న ఆయిలే వాడండి. అయినా జారితే ప్లేట్ల మందం, స్ప్రింగుల పొడవు కొలిచి సర్వీస్ మాన్యువల్‌లోని పరిమితితో పోల్చండి. బాస్కెట్ (ప్లేట్లు కూర్చునే గిన్నె) అంచుల్లో ప్లేట్లు కొట్టిన గాట్లుంటే గోటికి తగులుతాయి.

రెండో గేర్‌కి క్లచ్‌తో సంబంధం లేదు. గేర్ల పక్కనుండే పళ్ళ అంచులు గుండ్రంగా అరిగుంటాయి, లేదా గేర్లను పక్కకు జరిపే షిఫ్ట్ ఫోర్క్ వంగుంటుంది. ఆయిల్ దించినప్పుడు వేలికి అంటుకునే సన్నటి బూడిదరంగు పేస్ట్ మామూలే. మెరిసే ఇనుప ముక్కలొస్తే మాత్రం బండి ఆపేసి గేర్‌బాక్స్ విప్పించండి.