మట్టి లేని కుండీలో ఏం నింపాలి?

అమలాపురం

అమ్మలూ,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచీ మనసు అటే ఉంది. హైదరాబాద్ ఫ్లాట్‌లో, ఆ బాల్కనీలో, మట్టి లేకుండా టమాట, పాలకూర పెంచుతానన్నావు. చాలా సంతోషం తల్లీ. "ఏ మీడియం మంచిది పెదనాన్నా?" అని అడిగావు కదా, దానికి ఫోన్‌లో ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. మేడ మీద తొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి తీరుబడిగా రాస్తున్నాను.

కుండీలో నింపేది మొక్కకు తిండి పెట్టదు. తిండంతా నీళ్లలో కలిపే పోషకాల్లోనే ఉంటుంది. నింపినది వేళ్ల దగ్గర కాస్త నీళ్లు ఆపాలి, కాస్త గాలి ఆడనివ్వాలి, అంతే. నీళ్లు ఎక్కువ ఆపితే గాలి తగ్గుతుంది, గాలి ఎక్కువ ఆడితే నీళ్లు నిలవవు. అందుకని నువ్వు రోజుకు ఎన్నిసార్లు మొక్క దగ్గరికి వెళ్లగలవో చూసుకుని ఎంచుకోవాలి. పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలి రాత్రికి గానీ రాని నీకు కొబ్బరి పొట్టే సరైనది. ఒక పూట కరెంటు పోయినా, నువ్వు రావడం ఆలస్యమైనా అది మొక్కను కాపాడుతుంది.

కొబ్బరి పొట్టు అంటే షాపుల్లో కోకోపీట్ అని ఇటుకల్లా నొక్కి అమ్మేదే. అయిదు కిలోల ఇటుక నానితే డెబ్బై లీటర్ల దాకా పొంగుతుంది, కాబట్టి కొన్నా ఒక్కటే చాలు. మన కోనసీమలో పీచు మిల్లుల పక్కన ఈ పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. మొదటి ఏడాది ఒక మిల్లు నుంచి బస్తాలకొద్దీ తెచ్చి, ఒక్కసారి తడిపి నేరుగా కుండీల్లో నింపేశాను. మూడు వారాలకల్లా టమాట ఆకుల అంచులు మాడిపోయాయి. ఎండ దెబ్బ అనుకుని నీడ కట్టాను, తగ్గలేదు. అసలు కారణం ఉప్పు. కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం సహజంగానే ఉంటాయి, ఉప్పునీళ్లలో ఊరిన పీచైతే ఇంకా ఎక్కువ. ఇరవై నాలుగు మొక్కలు పీకేశాను, ఆ బాధ నీకు వద్దు.

కాబట్టి మూడు నాలుగు సార్లు మంచినీళ్లతో కడుగు. కారే నీళ్లలో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) పెట్టి చూడు, పోసిన నీళ్లకూ కారిన నీళ్లకూ పెద్ద తేడా లేనంతవరకు కడగాలి. తర్వాత లీటరుకు గ్రామున్నర చొప్పున కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున వార్చెయ్యి. ఈ పని చెయ్యకపోతే పొట్టు నువ్వు పోసే కాల్షియాన్ని తనే పట్టేసుకుంటుంది, టమాట కాయ అడుగు నల్లబడుతుంది. మూడు వంతుల పొట్టుకు ఒక వంతు పెర్లైట్, అంటే వేడికి పొంగించిన తేలికైన తెల్లటి రాతి గుళ్లు, కలిపితే గాలి బాగా ఆడుతుంది. పెర్లైట్ సంచి విప్పగానే లోపల నీళ్లు చిలకరించు, ఆ తెల్ల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

క్లే బాల్స్, అంటే కాల్చిన మట్టి గోళీలు, చూడ్డానికి అందంగా ఉంటాయి, ఏళ్ల తరబడి కడిగి వాడుకోవచ్చు, నాకూ ఇష్టమే. కానీ అవి నీళ్లు నిలపవు. నీళ్లు అందించే పంపు ఆగిందంటే ఏప్రిల్ ఎండకు కొన్ని గంటల్లోనే మొక్క తలవాలుస్తుంది. సెలవుల్లో ఇంట్లో ఉన్నప్పుడు పుదీనాతో మొదలుపెట్టి చూడు. ఎర్రనీళ్లు పోయేదాకా కడిగి, ఒక రాత్రి నానబెట్టాకే వాడు.

కంకర చవకని చాలామంది చెబుతారు. మన దేశంలో 1946లో డార్జిలింగ్ దగ్గరి కాలింపాంగ్‌లో మట్టిలేని సాగు మొదలుపెట్టినప్పుడు వాడింది కూడా కంకర, ఇసుకే. నువ్వూ వాడొచ్చు, కానీ రాయిని బట్టి ఉంటుంది. గ్రానైట్ చిప్స్ పరవాలేదు. తాండూరు బండ ముక్కలూ పల్నాడు రాయీ సున్నపురాళ్లు. అవి నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే పీహెచ్‌ను రోజూ పైకి లాగుతూనే ఉంటాయి, కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వెయ్యి, బుస్సుమని నురుగొస్తే ఆ రాయి వద్దు. పచ్చి ఊక కూడా వద్దు, మిగిలిన గింజలు మొలకెత్తుతాయి. రాక్‌వూల్ అనే, కరిగించిన రాతితో చేసే దూది విత్తనాలు మొలిపించడానికి బాగుంటుంది గానీ, వాడి పారేశాక అది మట్టిలో కలవదు. మనకు పొట్టు ఉండగా దానికి డబ్బు ఎందుకు?

పోషకాల సంగతి. ఏ, బీ అని రెండు సీసాలు ఇస్తారు. వాటిని చిక్కగా ఉండగా ఎప్పుడూ ఒకదాంట్లో ఒకటి పొయ్యకు. కాల్షియం, సల్ఫేట్ కలిసి తెల్లగా అడుగున పేరుకుపోతాయి, మొక్కకు అందవు. బకెట్ నిండా నీళ్లు పోసి, ఒకటి కలిపాక రెండోది కలుపు. పీహెచ్ 5.5కీ 6.5కీ మధ్య ఉంచు. ఈసీ, అంటే నీళ్లలో పోషకాల చిక్కదనం చూపే మీటర్ కొలత, పాలకూరకు 1.5 దగ్గర, కాపుకొచ్చిన టమాటకు 2 నుంచి 3 దాకా చాలు. పోసినప్పుడల్లా కుండీ అడుగు నుంచి అయిదో వంతు బయటికి కారాలి, లేకపోతే లోపల ఉప్పు పేరుకుంటుంది.

పోషకాల నీళ్లు ఉంచే టబ్బును మాత్రం ఎండలో పెట్టకు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, వేళ్లు గోధుమరంగుకు తిరిగి జిగురుగా కుళ్లుతాయి. తెల్లరంగు వేసి, తడిగోనె కప్పు. వర్షాలు తగ్గి దసరా వచ్చాక మొదలుపెట్టు. మే నెలలో మొదలుపెడితే టమాట పూత రాలిపోతుంది, నీ మనసు విరిగిపోతుందేమోనని నా భయం.

ముందు రెండు కుండీలు పాలకూర, ఒక్కటి టమాట. అంతకు మించి వద్దు. కడిగి కాల్షియం పట్టించిన పొట్టు ఒక బస్తా ఆరబెట్టి ఉంచాను, వచ్చే వారం మీ అన్నయ్య హైదరాబాద్ వస్తున్నాడు, వాడితో పంపిస్తాను. ఈలోపు మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్ల టీడీఎస్ చూసి ఫోన్ చెయ్యి. అయిదు వందలు దాటితే వాననీళ్లో ఆర్‌ఓ నీళ్లో కలపాల్సి ఉంటుంది. ఎంత కలపాలో అప్పుడు లెక్క వేసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న