గంజాయి సోదా పేరుతో కులం పెట్టి తిట్టొచ్చా?

ప్రశ్న: మేం ఎస్సీలం. మా తమ్ముడు హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాడు. మొన్న రాత్రి టీ కొట్టు దగ్గర పోలీసులు ఆపి, గంజాయి ఉందంటూ జేబులు వెతికారు. ఏమీ దొరకలేదు. పోతూ పోతూ ఒకాయన అందరి ముందే కులం పేరు పెట్టి తిట్టాడు. డ్యూటీలో ఉన్న పోలీసు మీద అట్రాసిటీ కేసు నిలవదని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?
- ఒక అక్క, హనుమకొండ

జవాబు: నిజం కాదమ్మా. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం పోలీసులకు వెతికే అధికారం ఇచ్చింది, తిట్టే అధికారం ఇవ్వలేదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని అది ఎక్కడా పక్కన పెట్టలేదు. నలుగురిలో కులం పేరుతో దూషిస్తే సెక్షన్ 3 కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. ఖాకీ చొక్కాకు ఇందులో మినహాయింపు లేదు. అయితే తిట్టిన మనిషి ఎస్సీ, ఎస్టీ అయితే ఈ చట్టం వర్తించదు. ఆ సంగతి ముందు కనుక్కోండి.

ఇక సోదా. గంజాయి అనుమానంతో ఒంటి మీద వెతికేముందు, 'గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో సోదా చేయించుకునే హక్కు నీకుంది' అని పోలీసులే చెప్పాలి. మత్తు చట్టంలోనే సెక్షన్ 50 ఇది. చెప్పి తీరాలని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చేతిలోని బ్యాగుకు మాత్రం ఈ రక్షణ లేదు. సరైన అనుమానం లేకుండా వేధించడానికే సోదా చేసినట్టు రుజువైతే, సెక్షన్ 58 కింద ఆ అధికారికే 6 నెలల దాకా జైలు పడొచ్చు. శిక్ష చిన్నదే. కానీ అది రాసి ఉందన్న సంగతే మన పిల్లలకు ఎవరూ చెప్పరు, నాకు బాధ అదే.

ఇవాళే టీ కొట్టాయన దగ్గరికి వెళ్లండి. సీసీ కెమెరా ఉంటే ఆ రాత్రి ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి, కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది. విన్నవాళ్ల పేర్లు రాసుకోండి. ఫిర్యాదులో అన్న మాటను అన్నట్టే రాయండి. కోపంలో ఒక్క మాట ఎక్కువ రాసినా కేసు బలహీనపడుతుంది. స్టేషన్‌లో తీసుకోకపోతే పోలీస్ కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి. వకీలు ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఎస్సీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి.