నాగార్జునకొండ దీవికి బస్సు, లాంచీ మీద ఒక్కరోజులో వెళ్లి రావచ్చా?

హైదరాబాద్ నుంచి, సొంత బండి లేకుండా, అరవై దాటిన అమ్మానాన్నలని తీసుకుని నాగార్జునసాగర్ జలాశయంలో ఉన్న నాగార్జునకొండ చూసి రాత్రికి ఇల్లు చేరగలమా అని అడిగారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులని కూడా రాశారు. చేరగలరండి. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి సగం కూడా చూడకుండా వెనక్కి వచ్చాం, రెండోసారి తీరిగ్గా చూశాం. తేడా అల్లా ఏమిటంటే, మొదటిసారి బస్సు టైం చూసుకుని బయల్దేరాం, రెండోసారి లాంచీ టైం చూసుకుని బయల్దేరాం.

మొదటిసారి జరిగింది ముందు చెప్తాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది. అమ్మ, నేను హైదరాబాద్ పెద్ద బస్ స్టేషన్ ఎంజీబీఎస్‌లో ఉదయం మాచర్ల బస్సు ఎక్కాం. మా మేనత్త వాళ్లు నరసరావుపేట నుంచి మాచర్ల మీదుగా వస్తామన్నారు. అందరం "సాగర్‌లో" కలుద్దాం అనుకున్నాం. ఆ మాటే మా కొంప ముంచింది. సాగర్ అంటే ఒక ఊరు కాదు. హైదరాబాద్ నుంచి వెళ్తే ముందు ఎడమ గట్టు మీద హిల్ కాలనీ, పైలాన్ కాలనీ వస్తాయి. కృష్ణ దాటాక కుడి గట్టు మీద విజయపురి సౌత్ ఉంటుంది, దాన్నే అక్కడ అందరూ రైట్ బ్యాంక్ అంటారు. ఎడమ గట్టు తెలంగాణ, కుడి గట్టు ఆంధ్రప్రదేశ్. రెండు రాష్ట్రాల టూరిజం వాళ్లకీ విడివిడిగా లాంచీ స్టేషన్లు ఉన్నాయి. కండక్టరు "సాగర్, సాగర్" అనగానే మేం హిల్ కాలనీలో దిగిపోయాం. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. రెండు నిమిషాలకి అత్త ఫోను: "ఎక్కడున్నారే? లాంచీ కదుల్తోంది, టికెట్లు కూడా తీసేశాను!"

ఆటో మాట్లాడుకుని రైట్ బ్యాంక్ చేరేసరికి ఆ లాంచీ నీళ్ల మధ్యలో ఉంది. పాపం అత్త వాళ్లు ఎక్కకుండా మా కోసం ఆగిపోయారు. తర్వాతి లాంచీకి సరిపడా జనం పోగయ్యేదాకా చెట్టు కింద కూర్చున్నాం. తెచ్చుకున్న పులిహోర అక్కడే అయిపోయింది. లాంచీ కదిలేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అవతల దిగాక మాకు మిగిలింది గంట పైన కాస్త. మ్యూజియంలో సగం చూసి, ఎండలో పరుగులాంటి నడక నడిచి, హారన్ మోగగానే వెనక్కి. "ఇంత దూరం వచ్చింది నీళ్ల మీద తిరగడానికా" అని అమ్మ దారంతా సణుగుతూనే ఉంది.

అందుకని, టికెట్ ఏ గట్టు నుంచి అనుకుంటున్నారో ముందే తేల్చుకుని కండక్టరుకి ఆ గట్టు పేరే చెప్పండి. నా మాట వింటే రైట్ బ్యాంక్ నుంచే వెళ్లండి. మాచర్ల వెళ్లే బస్సు వంతెన దాటి అటే పోతుంది కాబట్టి దారిలో బండి మారే పని లేదు. ఆడవాళ్లకి ఉచితంగా ఇచ్చే తెలంగాణ మహాలక్ష్మి జీరో టికెట్ రాష్ట్రం సరిహద్దు దాకానే, అక్కడి నుంచి అమ్మగారికి కూడా టికెట్ పడుతుంది. చిల్లర చేతిలో పెట్టుకోండి.

ఇక వారం సంగతి. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు మ్యూజియానికి సెలవు. దీవి మీద చూడాల్సిన దాంట్లో సగం ఆ మ్యూజియంలోనే ఉంది. ఆదివారం వెళ్తే లాంచీకి జనం తొందరగా దొరుకుతారు, కానీ తిరుగు బస్సులో సీటు దొరకదు. మామూలు రోజు వెళ్తే ఇది తలకిందులు. నేనైతే శనివారం అంటాను. వర్షాలు బాగా పడి డ్యాం గేట్లు ఎత్తిన వారాల్లో అసలు వెళ్లకండి. ఉన్నవి 26 గేట్లు, వాటిని చూడ్డానికి వచ్చే కార్లతో రోడ్డు నిండిపోతుంది, మీ బస్సు ఆ వరసలోనే ఇరుక్కుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లని తీసుకెళ్లే ఆలోచనే వద్దు, అక్కడ నీడ తక్కువ.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం లాంచీ స్టేషన్‌కి ఫోన్ చేయడం మర్చిపోకండి. "రేపు లాంచీ ఉందా" అని మాత్రమే అడిగితే "ఉందండీ" అంటారు. "మొదటిది ఎన్నింటికి, ఎంతమంది వస్తే కదుల్తుంది, అవతలి నుంచి ఆఖరిది ఎన్నింటికి" అని మూడూ అడగండి. గాలి ఎక్కువగా ఉంటే ఆపేస్తారు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోటు మునిగాక ఆంధ్రప్రదేశ్ అంతా బోట్లు ఆపేసిన సంగతి గుర్తుందిగా, అప్పటి నుంచి ఈ విషయంలో ఎవరూ రిస్క్ తీసుకోవడం లేదు. మంచిదే. లైఫ్ జాకెట్ ఇస్తే ఉక్కగా ఉందని తీసి పక్కన పెట్టకండి.

రెండోసారి మేం చేసింది ఇది. తెల్లవారుజామున ఐదింటికే బస్సులో ఉన్నాం. ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి దాటుకుంటూ నాలుగు గంటల్లోపు రైట్ బ్యాంక్‌లో దిగాం. దూరం 150 కిలోమీటర్ల పైనే. బస్సు దిగీ దిగగానే టిఫిన్ సెంటర్ వైపు కాకుండా నేరుగా కౌంటర్‌కి వెళ్లి టికెట్లు తీసి, ఆ తర్వాతే ఇడ్లీ తిన్నాం. మొదటి లాంచీ ఎక్కాం. దీవి చేరడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. దిగేటప్పుడే లాంచీ నడిపే ఆయన్ని అడిగాను, ఇదే లాంచీలో తిరిగి రావాలా, తర్వాత వచ్చేదాంట్లో రావచ్చా అని. ఆయన ఒప్పుకున్నాడు. దాంతో మాకు రెండున్నర గంటలు చిక్కాయి. ఈ ఒక్క ప్రశ్న మొదటిసారి అడగాలని తోచలేదు. అన్ని రోజులూ ఒప్పుకుంటారని కాదు, తర్వాతి లాంచీ ఉంటేనే.

రెండున్నర గంటలు ఏం చేస్తారు అంటారేమో. ముందు అసలు ఇది దీవి ఎలా అయిందో అమ్మానాన్నలకి లాంచీలోనే చెప్పండి, చూసే చూపు మారిపోతుంది. ఇది నీళ్ల మధ్య పుట్టిన లంక కాదు, కొండ శిఖరం. కింద లోయలో మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. నెహ్రూ 1955 డిసెంబరు 10న డ్యాంకి శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికిన వాటిలో ముఖ్యమైనవి విప్పి, కొండ మీదికి మోసి, మళ్లీ పేర్చారు. మీ లాంచీ వెళ్లేది ఆ ఊరి మీదుగానే. ఈ మాట చెప్పగానే మా అత్త రెయిలింగ్ పట్టుకుని నీళ్లలోకి తొంగి చూడ్డం మొదలుపెట్టింది, ఏదైనా కనిపిస్తుందేమోనని.

మ్యూజియం ముందు చూడండి, బయటివి తర్వాత. మ్యూజియంలో మునిగిన లోయ మొత్తం నమూనా కట్టి పెట్టారు, ఏ స్తూపం ఎక్కడుండేదో, నది ఎటు తిరిగేదో దాంట్లో తెలుస్తుంది. అది చూసి బయటికి వస్తే ఇటుకల కుప్పల్లా కనిపించినవి అర్థం అవుతాయి. శిల్పాలు ఎక్కువగా పలనాటి సున్నపురాయి మీద చెక్కినవి, లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఒక స్తంభం మీద మధ్య ఆసియా నుంచి వచ్చిన శకుల వేషంలో ఉన్న మనిషి ఉంటాడు, మన వాళ్ల పంచెల మధ్య ఆ కోటూ టోపీ చూసి నవ్వొస్తుంది. నాకు మాత్రం కాళ్లు ఆగిపోయింది ఛాయాస్తంభాల దగ్గర. చనిపోయిన వాళ్ల గుర్తుగా నిలబెట్టిన రాళ్లు అవి. రాజుకే కాదు, యుద్ధంలో పోయిన సైనికులకీ, పనివాళ్లకీ కూడా నిలబెట్టారు. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి స్తంభం నిలబెట్టింది ఆయన తల్లి, అక్కచెల్లెళ్లు, భార్యలు. మహాచైత్యం అనే పెద్ద స్తూపం కట్టించిన శాంతిశ్రీ కూడా ఆయన తోబుట్టువే. రాజులు యజ్ఞాలు చేస్తుంటే ఇంటి ఆడవాళ్లు బౌద్ధానికి దానాలు ఇచ్చారన్నమాట. అమ్మ అది విని "మగవాళ్ల పూజ మగవాళ్లది, మన పూజ మనది, ఇప్పుడు మాత్రం ఏం మారింది" అంది.

బయట స్తూపాల పునాదులు చూసేటప్పుడు పైనుంచి చూసినట్టు ఊహించుకోండి. బండి చక్రం, దాని ఆకులు, మధ్యలో కుండ, అచ్చం అలా ఉంటుంది ఇటుకల కట్టుబడి. ఒకదానికి నడుమ స్వస్తిక ఉంటుంది. స్నానఘట్టం మెట్లు వెడల్పుగా, ఒకే కొలతలో ఉంటాయి, నున్నటి రాతి పలకలు. అమ్మ చెప్పులు విడిచి దాని మీద పావుగంట కూర్చుంది. ఆవిడకి మొత్తం ప్రయాణంలో నచ్చింది అదే. పాత కోటగోడ కూడా దారిలో తగులుతుంది, అది ఇక్ష్వాకులది కాదు, చాలా తర్వాతి కాలానిది.

తిండీ నీళ్లూ మాత్రం మీతో తీసుకెళ్లాల్సిందే. మనిషికి లీటరు నీళ్లు చాలవు. పెరుగన్నం ఎండకి పులుస్తుంది, పులిహోర నయం. తిరిగి ఒడ్డుకి వచ్చాక ఆకలి ఉంటే చేపల ఫ్రై ఎలాగూ దొరుకుతుంది.

ఇప్పుడు చాలామంది చేసే తప్పు. అదే రోజు అనుపు, ఎత్తిపోతల జలపాతం, బుద్ధవనం పార్కు కూడా చూసేద్దాం అనుకుంటారు. బస్సు మీద వచ్చిన వాళ్లకి అది కుదరదు. కొండ నుంచి మధ్యాహ్నం రెండింటిలోపు ఒడ్డు చేరితే అనుపు ఒక్కటీ ఆటోలో వెళ్లి రావచ్చు. లోయలోంచి తెచ్చి మళ్లీ కట్టిన రంగస్థలం అక్కడుంది, చుట్టూ మెట్ల వరసలు, మధ్యలో చదరంగా ఆట స్థలం. ఆటోకి రానూపోనూ కలిపి ముందే మాట్లాడండి, అక్కడ వేరే బండి దొరకదు. ఎత్తిపోతల ఇంకోసారికి. బుద్ధవనం 2022లో తెరిచారు, 274 ఎకరాలు, అది హిల్ కాలనీ వైపు ఉంది. దానికే పూట పడుతుంది.

సాయంత్రం నాలుగున్నర, ఐదుకల్లా రోడ్డు మీద ఉండండి. బస్సులు మాచర్ల నుంచే నిండి వస్తాయి. మేం మొదటిసారి చీకటి పడ్డాక నిలబడి మూడు బస్సులు వదులుకున్నాం, నాలుగోదాంట్లో కొండమల్లేపల్లి దాకా అమ్మకి కండక్టరు సీటు ఇచ్చాడు, నేను మాల్ దాకా నిలబడే వచ్చాను. రెండోసారి ఎండ ఉండగానే ఎక్కి తొమ్మిదిన్నరకి ఇంట్లో ఉన్నాం.

నాన్నగారి మోకాళ్ల గురించి. రేవు నుంచి మ్యూజియం దాకా ఎక్కుడు ఉంటుంది, నిటారుగా కాదు కానీ పెద్దవాళ్లకి ఆయాసం వస్తుంది. లాంచీ దిగగానే అందరితో పాటు పరుగెత్తొద్దు. జనాన్ని ముందు పోనిచ్చి వెనక మెల్లగా నడవండి. మ్యూజియం చూశాక ఆయన్ని అక్కడే నీడన కూర్చోబెట్టి, మీరూ అమ్మగారూ స్నానఘట్టం దాకా వెళ్లి రండి. లాంచీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పలక మీద అడుగు వేయాలి, అది ఊగుతుంది. ఆ రెండుసార్లూ చెయ్యి పట్టుకోండి. మా అత్త వద్దు వద్దంటూనే అక్కడి కుర్రాడి భుజం పట్టుకుని దిగింది.