నర్సింగ్ డయాగ్నసిస్ ఎలా ఎంచుకోవాలి? కేర్ ప్లాన్ రాయడం వల్ల రోగికి నిజంగా ఉపయోగం ఉందా?

ప్రశ్న అడిగిన అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోందట. పోస్టింగుల్లో కేర్ ప్లాన్లు, అంటే రోగి సమస్యలు, వాటికి నర్సు చేయాల్సిన పనులు రాసే కాగితాలు, రాసీ రాసీ చేతులు పడిపోతున్నాయట. పుస్తకంలో ఉన్న నర్సింగ్ డయాగ్నసిస్‌లలో, అంటే నర్సు చూసుకోవాల్సిన సమస్యల పేర్లలో, తన పేషెంటుకు ఏది పెట్టాలో తేలడం లేదట. చివర్లో "అయినా ఎవరూ చదవని కాగితాలు ఎందుకు రాయాలి?" అని అడిగింది. నేను తిరుపతిలో స్టాఫ్ నర్సుగా చేసి, ఆ తర్వాత విద్యార్థులను వార్డుల్లో తిప్పే క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఏళ్ల తరబడి ఉన్నాను. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

ఉపయోగం ఉందమ్మా. చాలా ఉంది. కాకపోతే ఆ ఉపయోగమంతా సమస్య పేరు పక్కన "రిలేటెడ్ టు" (ఫలానా కారణం వల్ల) అన్న మాట తర్వాత నువ్వు ఏం రాస్తావన్న దాంట్లోనే ఉంది.

మా పిల్లలందరూ సమయమంతా సమస్య పేరు మీదే పెడతారు. అక్యూట్ పెయిన్ రాయాలా, ఇంపెయిర్డ్ మొబిలిటీ రాయాలా, ఏది ముందు రాయాలి అని గంటలు గంటలు కొట్టుకుంటారు. నొప్పితో మూలుగుతున్న మనిషికి నొప్పి ఉందని వార్డు గుమ్మం దగ్గర నిలబడినవాళ్లు కూడా చెప్పగలరు. అసలు పని దాని తర్వాత మొదలవుతుంది. అక్కడికొచ్చేసరికి కేస్ షీటు చూసి డాక్టరు రాసిన జబ్బు పేరు దించేస్తారు, "రిలేటెడ్ టు ఫ్రాక్చర్ ఫీమర్" అని. ఎముక అతికించడం నీ చేతిలో ఉందా? లేదు కదా. నీ చేతిలో లేని కారణం రాస్తే, కింద నువ్వు చేయడానికి ఏమీ మిగలదు. అందుకే అందరి ఫైళ్లలోనూ అవే నాలుగు ముక్కలు: వైటల్స్ చూడాలి, పొజిషన్ మార్చాలి, డాక్టరు చెప్పిన మందులివ్వాలి, ధైర్యం చెప్పాలి.

ఒక అవ్వ సంగతి చెబుతాను. తిరుపతిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఆర్థో విభాగం. నగరి వైపు పల్లెటూరు ఆమెది. ఇంటి వెనక జారిపడి తుంటి విరిగింది. కాలికి స్కిన్ ట్రాక్షన్ కట్టి బరువు వేలాడదీశారు. గుండె డాక్టరు ఫిట్‌నెస్ ఇస్తే గానీ ఆపరేషన్ లేదు కాబట్టి మంచం మీదే ఎదురుచూస్తోంది. కూతురు అప్పుడే కాన్పయి పచ్చి బాలింత, ఇంట్లోంచి కదలలేదు. కొడుకులు లేరు. తోడుగా ఉన్నది అల్లుడు ఒక్కడే. మంచివాడు. మందులు తేవడం, స్కానింగుకు పరిగెత్తడం, క్యాంటీన్ నుంచి ఇడ్లీ పట్టుకురావడం అన్నీ చేస్తున్నాడు.

ఆ మంచం నా దగ్గర ఉన్న ఒక విద్యార్థికి ఇచ్చాను. సత్యవేడు అమ్మాయి, తెలుగు ఎంత వచ్చో అరవం కూడా అంతే వచ్చు. మొదటి రోజు ఆ అమ్మాయి రాసుకున్నదంతా మామూలే. ఒంట్లో నీరు తగ్గింది, కారణం సరిగ్గా తాగకపోవడం, ఆనవాళ్లు నాలుక ఎండిపోవడం, మూత్రం డికాక్షన్ రంగులో, అదీ కొంచెమే రావడం. పుస్తకం ప్రకారం వంక పెట్టడానికేమీ లేదు. "సరిగ్గా తాగకపోవడం సరే, ఎందుకు తాగడం లేదు?" అని అడిగాను. "నోరు సహించడం లేదేమో మేడం" అంది. "ఏమో అని రాయకూడదు, వెళ్లి చూసిరా" అని పంపాను.

మరుసటి రోజు పొద్దున డ్యూటీలో ఆ అమ్మాయి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. రాసుకోలేదు, ఊరికే చూసింది. లాకర్ మీద స్టీలు చెంబు నిండా నీళ్లున్నాయి, పైన మూత ఉంది. ఎనిమిదింటికి ఎంతున్నాయో పదిన్నరకీ అంతే ఉన్నాయి. కానీ అవ్వ మధ్యమధ్యలో తువ్వాలు అంచు ఆ నీళ్లలో ముంచి పెదాలకు అద్దుకుంటోంది. అంటే దాహం ఉంది. తాగాలనీ ఉంది. కావాలనే తాగడం లేదు! రాత్రి నోట్సులో మాత్రం "ఓరల్ ఫ్లూయిడ్స్ ఎంకరేజ్డ్" (నీళ్లు బాగా తాగమని చెప్పాం) అని చక్కగా రాసి ఉంది.

అల్లుడు టీ తాగడానికి కిందికి వెళ్లినప్పుడు ఈ పిల్ల చెంబు నోటి దగ్గర పెట్టింది. "తణ్ణి వేణామ్మా" (నీళ్లు వద్దమ్మా) అంది అవ్వ. ఎందుకవ్వా అని అరవంలోనే బుజ్జగించి అడిగితే అప్పుడు నోరు విప్పింది. "తాగితే మళ్లీ పోవాల గదమ్మా. ఆయప్ప ముందర ఎట్లమ్మా? బెడ్‌పాన్ తెమ్మని అల్లుడితో చెప్పమంటావా?"

అంతే, విషయం అక్కడుంది. పాన్ పెట్టే వార్డు ఆయమ్మ ఆ అంతస్తు మొత్తానికీ ఒక్కతే, పిలిస్తే ఎప్పటికొస్తుందో తెలియదు. తెర ఉంది గానీ సగం కొక్కేలు ఊడిపోయి పూర్తిగా మూసుకోదు. నడుము కింద పెట్టే పాన్ ఎత్తుగా ఉంది, విరిగిన తుంటితో దాని మీదికి ఎక్కాలంటే ప్రాణం పోతుంది. దానికన్నా నీళ్లు మానేయడమే మేలని ఆమె నిర్ణయించేసుకుంది. సెలైన్ పెడితే తప్పక వస్తుంది కాబట్టి రెండుసార్లు పక్క తడిసింది. ఆ తడికి, కదలలేని నడుముకు, పిరుదుల దగ్గర చర్మం అప్పటికే ఎర్రబడటం మొదలైంది. బ్రేడెన్ స్కేలు వేస్తే 18 లేదా అంతకన్నా తక్కువొస్తే పుండు పడే ప్రమాదం ఉన్నట్టు. ఈమెకు అంతకన్నా బాగా తక్కువే వచ్చింది. డ్యూటీ డాక్టరు ఫోలీస్ క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేసేద్దామన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు కనబడింది తక్కువ మూత్రం, తడిసిన పక్క. కానీ క్యాథెటర్ ఎన్ని రోజులుంటే ఇన్ఫెక్షన్ భయం అంత పెరుగుతుంది. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న మనిషికి అది ఎందుకు?

ఆ సాయంత్రం అమ్మాయి ప్లాన్ మార్చి రాసింది. సమస్య పేరు అదే. "రిలేటెడ్ టు" తర్వాత మాత్రం "ఆడతోడు లేక, అల్లుడి ముందు పాన్ అడగడానికి సిగ్గుపడి నీళ్లు మానేయడం" అని పెట్టింది. ఆ ఒక్క వాక్యం మారేసరికి కింద చేయాల్సిన పనులన్నీ వాటంతట అవే వచ్చేశాయి. నాలుగు గంటలకోసారి, ఇన్నింటికి అని ఆయమ్మతో ముందే మాట్లాడుకోవడం. ఆ సమయానికి అల్లుడిని ఏదో పని మీద కిందికి పంపడం. తెరకు పిన్నీసులు పెట్టడం. ఒకవైపు పల్చగా ఉండే ఫ్రాక్చర్ పాన్ స్టోరు నుంచి తెప్పించడం. నొప్పి మందు ఇచ్చిన అరగంట తర్వాత పాన్ టైము పెట్టుకోవడం. నీళ్లు ఎక్కువభాగం పగలే, పాన్ టైముకు ముందే తాగించడం. గుండె సంగతి తేలలేదు కాబట్టి రోజుకు ఎంత తాగించవచ్చో డాక్టరును అడిగి అంకె రాసుకోవడం. గమ్యం కూడా "పేషెంటు బాగుంటుంది" అని రాయలేదు. మూత్రం గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి, రంగు లేత పసుపుకు రావాలి అని రాసింది.

రెండో రోజుకల్లా మూత్రం తేటపడింది. పక్క తడవడం ఆగింది. ఫోలీస్ మాట మళ్లీ రాలేదు. అల్లుడికి సంగతి నెమ్మదిగా చెబితే, "నా మీద అలిగి తాగడం లేదేమో అనుకున్నాను మేడం" అన్నాడు పాపం. ఆ సాయంత్రమే ఊరికి ఫోన్ చేసి వాళ్ల చిన్నమ్మను రాత్రి తోడుకు పిలిపించాడు.

ఇక నా కడుపుమంట. ఆ ఫైలు దిద్దడానికొచ్చిన ఒకావిడ ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, ఈ కారణం పుస్తకంలో లేదు, మార్చి రాయమంది. నేను ఒప్పుకోలేదు. ఆ జాబితా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో నర్సులే ఒకచోట చేరి, తాము రోజూ మంచాల దగ్గర చూసే సమస్యలకు పేర్లు పెట్టడం మొదలుపెట్టారు. 1982లో ఆ జాబితాను చూసుకునే నాండా అనే నర్సుల సంఘం ఏర్పడింది. ఇప్పటికీ మూడేళ్లకోసారి పుస్తకం మారుస్తున్నారు. 2021-2023 ఎడిషన్ పోయి 2024-2026 ఎడిషన్ వచ్చింది, పేర్లు కూడా కొన్ని మారాయి. రాసినవాళ్లే మార్చుకుంటుంటే మనం మాత్రం లైబ్రరీలోని పాత కాపీ పట్టుకుని అందులో లేని కారణం పేషెంటుకు ఉండకూడదంటామా? సమస్య పేరు జాబితాలోంచి తీసుకో, అందరికీ ఒకేలా అర్థం కావాలి కాబట్టి. కారణం, ఆనవాళ్లు మాత్రం ఆ మంచం మీది మనిషి దగ్గర్నుంచే రావాలి.

ఇంకా ఉంది. గడులు స్కేలుతో గీశారా, హెడ్డింగులు ఎర్ర ఇంకులో ఉన్నాయా అని చూసి మార్కులు వేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సీనియర్ల ఫైళ్లు దించడం ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు ఫోన్లో జబ్బు పేరు కొడితే అర నిమిషంలో కేర్ ప్లాన్ వచ్చి పడుతోంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. పలమనేరు రైతుకు షుగరని ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ తినమని అందులో ఉంటుంది. ఆయన రెండు పూటలా తినేది రాగిసంగటి. ముద్ద ఎంత ఉండాలో, పక్కన ఏ పప్పు, ఏ ఆకుకూర ఉండాలో చెబితే ఆయన వింటాడు.

ప్రతి ప్లాన్ చివరా "నాలెడ్జ్ డెఫిసిట్" (రోగికి తెలియకపోవడం) అని పెట్టే అలవాటు కూడా మానాలి. అయిదో డయాగ్నసిస్ తోచకపోతే అది పెట్టేస్తారు. మన ఊళ్లో షుగరుతో కాలు పుండై వచ్చినవాళ్లను చూడండి. మొక్కుకుని అలిపిరి నుంచి చెప్పుల్లేకుండా 3550 మెట్లూ ఎక్కినవాళ్లు ఎంతమంది! అరికాళ్లలో స్పర్శ పోయి ఉంటుంది, ఎండకు రాయి కాలినా తెలియదు. వాళ్లకు చెప్పులు వేసుకోవాలని తెలియకా? బాగా తెలుసు. మొక్కు మొక్కే. అక్కడ పాదరక్షల గురించి పాఠం చెప్పి సంతకం పెట్టించుకుంటే ఏం లాభం? ఒక పెద్దాయనతో ఇలాగే మాట్లాడి, ఆ మొక్కు కొడుకు చేత తీర్పించి, ఆయన్ను బస్సులో కొండకు వెళ్లేలా ఒప్పించాం. ఆ కారణం దగ్గర "మొక్కు" అనే రాశాం.

వార్డు సిస్టర్లను నేను తప్పుపట్టడం లేదు. రాత్రి డ్యూటీలో ఒక్కరి మీద ముప్పై మంచాలుంటే కేర్ ప్లాన్ ఎక్కడ రాస్తారు? ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే వారం రోజుల షీట్లు ఒక్కపూటలో నింపించే చోట్లు నేను చూశాను. అది వాళ్ల బద్ధకం కాదు, మనుషులను పెట్టనివాళ్ల తప్పు. అలా నింపిన షీటును పక్క షిఫ్టువాళ్లు కూడా చూడరు. నీ ప్రశ్నలో కోపం అక్కడి నుంచే వచ్చిందనుకుంటా.

కానీ నువ్వు విద్యార్థివి. నీకు ఒక్క మంచమో రెండు మంచాలో ఇస్తారు. అంత సమయం ఉద్యోగంలో చేరాక నీకు మళ్లీ దొరకదు. కాబట్టి పుస్తకం తెరవకముందే స్టూలు వేసుకుని కూర్చో. తిండి పళ్లెంలో ఏం మిగిలిందో చూడు. తోడెవరున్నారో, వాళ్లు బయటికెళ్లినప్పుడు పేషెంటు మాట ఎలా మారుతుందో చూడు. కనబడిన ఒక్కో దానికీ ఎందుకని అడుగుతూ పో. నువ్వో, ఆయమ్మో, ఇంటివాళ్లో చేత్తో మార్చగల కారణం దగ్గరికి వచ్చాక ఆగు, అదే రాయి. పేరు కోసం పుస్తకం అప్పుడు తెరువు. ఇంకా జరగనిది, జరుగుతుందేమోనని భయపడేది అయితే "రిస్క్ ఫర్" అని పెట్టి దానికి దారితీసేవి రాయి. లేని ఆనవాళ్లు కల్పించి రాయొద్దు.

ఎవరూ చదవరన్నావు. నీ ఫైలు కాలేజీకి వెళ్లిపోతుంది, నిజమే. అందుకే మా సత్యవేడు అమ్మాయి చేత ఆ రోజు ఇంకో పని చేయించాను. సిస్టరును అడిగి, షిఫ్టు మారేటప్పుడు చూసే వార్డు హ్యాండోవర్ పుస్తకంలో ఆ మంచం నంబరు ఎదురుగా రెండు లైన్లు రాయించాను: పాన్ టైములు ఇవి, ఆ సమయానికి అల్లుడిని బయటికి పంపాలి, నీళ్లు దానికి ముందే ఇవ్వాలి. రాత్రి సిస్టరు అది చదివింది. పదింటికి తనే వెళ్లి తెర లాగి పాన్ పెట్టింది. నీ తర్వాతి పోస్టింగులో సిస్టరును అడుగు, రెండు లైన్లకు చోటివ్వనంటారా?