మూడో రంగు కావాలంటే ముందు ల్యాండ్లు తీసుకోండి

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం మ్యాజిక్: ది గ్యాదరింగ్ డ్రాఫ్ట్ గురించే. అందులోనూ రంగులు కలపడం గురించే. ఈ ఆట తెలియనివాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన ఆట ఇది. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అని ఐదు రంగులు. ఏ కార్డు ఆడాలన్నా దాని రంగు మానా కావాలి. ఆ మానా ఇచ్చేవి ల్యాండ్ కార్డులు. డ్రాఫ్ట్ అంటే మామూలుగా ఎనిమిది మంది బల్ల చుట్టూ కూర్చుని, తలా మూడు ప్యాకులు విప్పి, ఒక్కో కార్డు తీసుకుంటూ మిగతావి పక్కవాళ్లకి ఇవ్వడం. చివరికి పోగైనవాటితో 40 కార్డుల డెక్ కట్టుకుంటారు. అందులో సాధారణంగా 17 ల్యాండ్లు, 23 ఆడే కార్డులు.

ప్రశ్న: డల్లాస్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. శుక్రవారం సాయంత్రాలు ఇక్కడి షాపులో తార్కిర్: డ్రాగన్‌స్టార్మ్ అనే సెట్‌తో (ఒక విడతగా వచ్చిన కార్డులతో) డ్రాఫ్ట్ ఆడుతున్నాను. తెలుపు, నలుపు, ఆకుపచ్చ కలిసిన అబ్జాన్ డెక్ కట్టాను. కార్డులు చూసినవాళ్లంతా బాగుందన్నారు. ఆటలో మాత్రం మంచి కార్డులు చేతిలోనే ఉండిపోతున్నాయి, రంగు దొరకదు. ల్యాండ్లు 7 ప్లెయిన్స్ (తెలుపు), 6 స్వాంప్ (నలుపు), 4 ఫారెస్ట్ (ఆకుపచ్చ) పెట్టాను. ఇది నా దురదృష్టమేనా?

జవాబు: కాదు, దురదృష్టం ఏమీ లేదు. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. మీ ఉత్తరం చదవగానే కాగితం తీసుకుని కూర్చున్నాను. ఇంటర్ రెండో ఏడాదిలో మీరు చదివిన సంయోగాలే, అంతకు మించిన గణితం అక్కర్లేదు.

మీరు ముందు ఆడుతున్నారనుకోండి. ఐదో టర్న్‌కి మీరు చూసిన కార్డులు 11. ఆ 11లో తెలుపు, నలుపు, ఆకుపచ్చ మూడూ కనీసం ఒక్కోటైనా ఉండే అవకాశం మీ 7-6-4 పంపకంతో నూటికి 58. అంటే పది ఆటల్లో దాదాపు నాలుగింటిలో ఐదో టర్న్ వచ్చేసరికి కూడా మీకు ఒక రంగు లేదు. ఇది డెక్ కట్టిన రోజునే ఖాయమైపోయిన సంగతి. బాగా కలిపారా, ములిగన్ తీసుకున్నారా (నచ్చని మొదటి చేయి వెనక్కిచ్చి కొత్తది తీసుకున్నారా) అన్నవి దాని తర్వాతి మాటలు.

ఇప్పుడు అవే 17 ల్యాండ్లలో ఐదు మార్చి చూద్దాం. రెండు స్కౌర్డ్ బ్యారెన్స్, రెండు బ్లాసమింగ్ శాండ్స్, ఒక జంగిల్ హాలో. మూడూ మీరు ఆడుతున్న సెట్లో కామన్లుగా, అంటే సులువుగా దొరికే రకంగా, వచ్చేవే. ఒక్కోటి రెండు రంగుల్లో ఏదో ఒకటి ఇస్తుంది, బల్ల మీదికి ట్యాప్ అయి (పక్కకి తిరిగి, ఆ టర్న్‌లో మానా ఇవ్వకుండా) వస్తుంది, వస్తూ ఒక లైఫ్ (ప్రాణం పాయింటు) ఇస్తుంది. మిగతా 12 బేసిక్ ల్యాండ్లు, అంటే ఒక్క రంగే ఇచ్చే మామూలు ల్యాండ్లు, రంగుకి నాలుగు చొప్పున పెట్టండి. తెలుపుకి 8, నలుపుకి 7, ఆకుపచ్చకి 7 ఆధారాలు అవుతాయి. మళ్లీ లెక్క వేస్తే మూడు రంగులూ దొరికే అవకాశం 79. డెక్‌లోని 23 కార్డుల్లో ఒక్కటి కూడా మారలేదు, కామన్ ల్యాండ్లు ఐదు మారాయి, అంతే.

అందుకే రంగు ల్యాండును మీరు కార్డుగానే చూడాలని నా మనవి. చాలామంది దాన్ని చివర్లో మిగిలితే తీసుకుంటారు. ప్యాకుకి 14 కార్డులు, మూడు ప్యాకులు, మొత్తం 42 పిక్‌లు (కార్డు ఎంచుకునే వంతులు). ఆడేవి 23. మిగతా 19 ఎక్కడికి పోతాయి? సైడ్‌బోర్డులోకి, అంటే డెక్ బయట మిగిలే కార్డుల్లోకి. మొదటి ప్యాకు మధ్యకొచ్చేసరికి మీకు రెండు రంగులు తేలి ఉంటే, డెక్‌లోకి రావచ్చో రాకపోవచ్చో తెలియని ఓ మామూలు క్రీచర్‌కీ (పోరాడే జీవి కార్డుకీ) మీ రంగుల ల్యాండుకీ మధ్య ల్యాండే తీసుకోండి. ఎదుటివాళ్ల క్రీచర్‌ని తీసేసే మంచి రిమూవల్ కార్డు ఉంటే ల్యాండు వదిలేయండి, అందులో అనుమానం లేదు. కానీ ఏడో, ఎనిమిదో పిక్‌లో తీసుకున్న బ్యారెన్స్ మీ 23వ కార్డు కంటే ఎక్కువ ఆటలు గెలిపిస్తుంది.

ట్యాప్ అయి వచ్చే ల్యాండుకు ఖర్చు ఉంది, లేదనను. ఐదారు వరకు పెట్టుకోవచ్చు. మొదటి టర్న్‌లో ఆడే కార్డు లేకపోతే అప్పుడే దాన్ని దించేయండి. నాలుగో టర్న్‌లో నాలుగు మానాల కార్డు చేతిలో ఉండగా ట్యాప్ అయిన ల్యాండు దించాల్సి వస్తే ఆ టర్న్ సగం పోయినట్టే. మొదటి ఏడు కార్డులు చూసినప్పుడే ఏ ల్యాండు ఎప్పుడు దించాలో వరస అనుకోవడం అలవాటు చేసుకోండి.

ఇంకో మాట. రెండు మానాల కార్డులన్నీ ఒకే రంగువి, లేదా ఎక్కువ ల్యాండ్లున్న రెండు రంగులవి అయ్యేలా చూడండి. మూడు రంగుల డెక్‌లో మూడు రంగుల రెండు మానాల కార్డులు కలిపి పెడితే వాటిలో సగం ఆరో టర్న్‌లో బల్ల ఎక్కుతాయి. అప్పుడు వాటితో పనేముంది?

ప్రశ్న: స్ప్లాష్ అంటే ఎన్ని ల్యాండ్లు? రెండు చాలంటారు కొందరు. (కాకినాడ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: రెండు రంగుల డెక్‌లో మూడో రంగు కార్డులు ఒకటో రెండో పెట్టుకోవడమే స్ప్లాష్. పైన చెప్పిన లెక్క ప్రకారమే, ముందు ఆడేవాళ్లకి ఐదో టర్న్‌కి ఆ రంగు ఒక్కసారైనా దొరికే అవకాశం రెండు ల్యాండ్లతో నూటికి 48, మూడింటితో 63, నాలుగింటితో 74. నేను మూడుకి తక్కువ పెట్టను.

దీనికంటే పెద్ద విషయం, ఏ కార్డు స్ప్లాష్ చేస్తున్నారన్నది. కార్డు మూలన ఆ రంగు గుర్తు ఒకటే ఉండాలి. రెండు గుర్తులుంటే, మూడు ల్యాండ్లతో ఐదో టర్న్‌కి అది ఆడగలిగే అవకాశం నూటికి 18 మాత్రమే. ఆలస్యంగా వచ్చినా విలువ తగ్గని కార్డై ఉండాలి కూడా. ఐదు మానాల రిమూవల్, ఆరు మానాల డ్రాగన్ స్ప్లాష్‌కి సరిగ్గా సరిపోతాయి. ఎరుపులో రెండు మానాల దూకుడు క్రీచర్ ఎంత బాగున్నా స్ప్లాష్ చేయకండి.

ఇవాల్వింగ్ వైల్డ్స్ దొరికితే అది కూడా ఒక ఆధారమే. అది తనని తాను త్యాగం చేసి డెక్‌లోంచి బేసిక్ ల్యాండ్ తెస్తుంది. కానీ మీ డెక్‌లో ఒక్కటే మౌంటెన్ (ఎరుపు బేసిక్ ల్యాండ్) ఉండి, అది ముందే చేతికొచ్చేస్తే, వైల్డ్స్ ఎరుపు తేలేదు. కాబట్టి ఒక మౌంటెన్, రెండు వైల్డ్స్ పెట్టి మూడు ఎరుపు ఆధారాలున్నాయి అనుకునే ముందు ఇంకో మౌంటెన్‌కి చోటు వెతకండి.

ప్రశ్న: మ్యాజిక్‌ని ఆన్‌లైన్‌లో ఆడే ఎరీనాలో ఖాన్స్ ఆఫ్ తార్కిర్ డ్రాఫ్ట్ వచ్చినప్పుడు మొదటి ప్యాకులోనే సీజ్ రైనో కనిపించింది. తీసుకున్నాను. తర్వాత తెలుపు, నలుపు, ఆకుపచ్చ కార్డులే వెతుక్కుంటూ పోయాను, డెక్ బలహీనంగా తయారైంది. మొదటి పిక్‌నే మూడు రంగుల కార్డు తీసుకోకూడదా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రైనో అయితే తీసుకోవచ్చు. నాలుగు మానాలకి 4/5 (దెబ్బ 4, తట్టుకునేది 5), ట్రాంపుల్ (అడ్డుకున్నా మిగిలిన దెబ్బ ఎదుటివాళ్లకి తగులుతుంది), పైగా వస్తూనే ఎదుటివాళ్లకి మూడు లైఫ్ పోయి మీకు మూడు వస్తుంది. 2014లో ఆ సెట్ వచ్చినప్పటి నుంచీ దాని పేరు చెప్తే ఆడేవాళ్లకి తెలుసు. చిక్కల్లా తీసుకున్న తర్వాత మీరు దానికి కట్టుబడిపోవడంలో ఉంది. ఒక్క కార్డు కోసం మిగతా 22ని వంకర తిప్పకూడదు.

రెండు మూడు రంగుల మానా కలిపి అడిగే గోల్డ్ కార్డుల్లో ఒక తిరకాసు ఉంది. నలుపు కార్డు ఒకటి ప్యాకులో ఉంటే బల్ల చుట్టూ నలుపు ఆడే ప్రతివాళ్లకీ అది కావాలి. నలుపు-ఆకుపచ్చ గోల్డ్ కార్డు మాత్రం ఆ జత ఆడేవాళ్లకే పనికొస్తుంది. ఐదు రంగుల్లోంచి జతలు పది, కూర్చున్నవాళ్లు ఎనిమిది మంది. మూడు రంగుల కార్డుకి గిరాకీ ఇంకా తక్కువ. కాబట్టి గోల్డ్ కార్డు కొంత ఆలస్యంగా కూడా మీ దగ్గరికొస్తుంది. రెండూ సమానంగా కనిపిస్తే ముందు ఒక రంగు కార్డే తీసుకోండి.

రమ్మీ ఆడేవాళ్లకి ఇందులో సగం పని తెలిసే ఉంటుంది. పక్కవాళ్లు ఏ ముక్క ఎత్తారు, ఏది పారేశారు అని చూస్తూనే కదా మనం చేయి కూర్చుకుంటాం. ఇక్కడ తీసుకున్నది కనపడదు, వదిలింది కనపడుతుంది. ఆరో పిక్‌లో మంచి నీలం-ఆకుపచ్చ గోల్డ్ కార్డు వచ్చిందంటే, మీకు ప్యాకు అందిస్తున్న పక్కవాళ్లెవరూ ఆ జత ఆడటం లేదని అర్థం. మొదటి పిక్ రైనో అయినా సరే, ఆ సంకేతాన్ని నమ్మండి. 14 కార్డుల ప్యాకు ఎనిమిది మంది చుట్టూ తిరిగి తొమ్మిదో పిక్‌కి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది, అప్పుడు అందులో ఆరు మిగులుతాయి. మొదట విప్పినప్పుడు ఉన్న గోల్డ్ కార్డులు, రంగు ల్యాండ్లు గుర్తుపెట్టుకుని ఏవి పోయాయో చూడండి. ఎరీనాలో క్విక్ డ్రాఫ్ట్ అయితే పక్కన కూర్చునేవి బాట్లు, అంటే కంప్యూటర్ ఆటగాళ్లు. ఈ సంకేతాలు అక్కడ అంతగా పనిచేయవు. మనుషులతో ఆడాలంటే ప్రీమియర్ డ్రాఫ్ట్ చూడండి.

ప్రశ్న: కార్డు మూలన గుర్తు సగం ఎరుపు, సగం తెలుపు ఉంది. ఇది రెండు రంగుల కార్డేనా?

జవాబు: రంగు ప్రకారం రెండూ, ఆడటానికి ఏదో ఒకటి చాలు. దీన్ని హైబ్రిడ్ మానా అంటారు. ఎరుపు డెక్‌లోనూ పెట్టుకోవచ్చు, తెలుపు డెక్‌లోనూ పెట్టుకోవచ్చు. గోల్డ్ కార్డు అనుకుని వదిలేయకండి.

ప్రశ్న: రంగులు కలపడం నేర్చుకోవడానికి ఏ సెట్ మంచిది? (బెంగళూరు)

జవాబు: నన్నడిగితే 2005లో వచ్చిన రావ్నికా: సిటీ ఆఫ్ గిల్డ్స్, దాని వెంట 2006లో వచ్చిన గిల్డ్‌పాక్ట్, డిసెన్షన్. రంగుల జతలు పది, ఒక్కో జతకి ఒక గిల్డు (వర్గం). మొదటి సెట్లో నాలుగు, తర్వాతి రెండింటిలో మూడేసి. మూడు సెట్ల నుంచి ఒక్కో ప్యాకు పెట్టి డ్రాఫ్ట్ చేసేవాళ్లు. మొదటి ప్యాకులో నలుపు-ఆకుపచ్చ గోల్గారీ తీసుకుంటే రెండో ప్యాకులో ఆ గిల్డే ఉండదు. తెలుపు-నలుపు ఆర్జోవ్‌కో, ఎరుపు-ఆకుపచ్చ గ్రూల్‌కో వంతెన వేసుకోవాలి. అలా మూడో రంగు దానంతటదే వచ్చేది.

అది నడిచిందంటే కారణం ల్యాండ్లే. ప్రతి గిల్డుకీ ఒక కామన్ ల్యాండు ఉండేది. ట్యాప్ అయి వస్తుంది, మీ ల్యాండు ఒకటి చేతిలోకి వెనక్కి తీసుకోమంటుంది, కానీ ఆ తర్వాత ప్రతి టర్న్‌లో రెండు రంగుల మానా కలిపి ఇస్తుంది. దానికి తోడు గిల్డు పేరుతో రెండు మానాల సిగ్నెట్లు, అవీ ఆ రెండు రంగుల మానా ఇచ్చే కార్డులే. ఆ ల్యాండ్లనీ సిగ్నెట్లనీ ముందు పిక్‌ల్లోనే ఏరుకున్నవాళ్లు మూడు రంగుల్లో ఏ కార్డు వచ్చినా నిశ్చింతగా ఆడేవాళ్లు. నేను ఆట నేర్చుకున్నది ఆ సెట్లతోనే. ఇప్పటికీ ప్యాకు విప్పగానే నా చూపు ముందు ల్యాండు మీదికే పోతుంది. పాత ప్యాకులు ఇప్పుడు దొరకడం కష్టం. పది గిల్డులతో 2012లో మొదలైన రిటర్న్ టు రావ్నికా, 2018లో మొదలైన గిల్డ్స్ ఆఫ్ రావ్నికా కూడా ఉన్నాయి. వాటిలో గిల్డ్‌గేట్ ల్యాండ్లు ఉంటాయి, ట్యాప్ అయి వచ్చి రెండు రంగుల్లో ఏదో ఒకటి ఇచ్చేవి.

ప్రశ్న: మేం విశాఖలో నలుగురం. ఎనిమిది మంది దొరకరు, ప్రతిసారీ కొత్త ప్యాకులు కొనలేం. మాకు డ్రాఫ్ట్ కుదురుతుందా?

జవాబు: బ్రహ్మాండంగా కుదురుతుంది. మీ దగ్గరున్న కార్డులతో క్యూబ్, అంటే మళ్లీ మళ్లీ డ్రాఫ్ట్ చేసుకునే సొంత కార్డుల కట్ట, కట్టుకోండి. తలా 45 కార్డులు, నలుగురికి 180. ఒక్కో కార్డూ ఒక్కటే వేయండి. దీన్ని 15 చొప్పున 12 కట్టలు చేస్తే తలా మూడు ప్యాకులైనట్టే. రంగుకి 26 కార్డులు వేస్తే 130. పది జతలకి రెండేసి గోల్డ్ కార్డులు 20, పది జతలకి రెండేసి ల్యాండ్లు 20. మిగిలిన పదిలో ఏ డెక్‌లోనైనా పట్టే రంగులేని కార్డులు. గెయిన్ ల్యాండ్లు (పైన చెప్పిన బ్యారెన్స్ లాంటి లైఫ్ ఇచ్చే ల్యాండ్లు), గిల్డ్‌గేట్లు రెండూ కామన్లే కాబట్టి జతకి ఒక్కోటి వేసుకుంటే ఆ 20 ల్యాండ్లకీ పెద్ద ఖర్చుండదు.

నలుగురే కాబట్టి ప్రతి ప్యాకూ ఐదో పిక్‌కి మళ్లీ మీ చేతికొస్తుంది, తొమ్మిదికి, పదమూడుకి కూడా. ఏది తిరిగొస్తుందో అంచనా వేయడం ఎనిమిది మంది బల్ల కంటే ఇక్కడ తేలిక. మొదటి రెండు మూడుసార్లు ఆడాక ల్యాండ్లు చివరి దాకా మిగిలిపోతుంటే గోల్డ్ కార్డులు ఇంకో ఐదు కలపండి. రెండో పిక్‌కే ల్యాండ్లు మాయమవుతుంటే ఇంకో ఐదు ల్యాండ్లు కలపండి. ఎన్ని కలిపితే అన్ని బలహీనమైన ఒక రంగు కార్డులు తీసేసి 180 దాటకుండా చూసుకోండి. బేసిక్ ల్యాండ్లు రంగుకి 20 చొప్పున వేరే డబ్బాలో పెట్టుకుంటే నలుగురికీ సరిపోతాయి.