లైబ్రరీకి ఏ లైసెన్స్ పెట్టాలి?

ప్రశ్న: తెలుగు పదాలను అకారాది క్రమంలో పేర్చే పైథాన్ లైబ్రరీ (ఇతర ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) రాసి, కోడ్‌ను నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాను. లైసెన్స్ తప్పనిసరా? ఎంఐటీ మంచిదా, జీపీఎల్ మంచిదా?

జవాబు: తప్పకుండా పెట్టండి. లైసెన్స్ లేకపోతే కాపీరైట్ హక్కులన్నీ మీవే. కోడ్ కనిపిస్తున్నా వాడుకునే అనుమతి ఎవరికీ ఉండదు. జాగ్రత్తగల కంపెనీలు అలాంటి కోడ్ జోలికి రావు.

ముందు రెండు సంగతులు చూసుకోండి. జీపీఎల్ అంటే, దాని కోడ్‌ను కలిపి పంచే ప్రోగ్రామ్ మొత్తాన్నీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలనే లైసెన్స్. అలాంటి కోడ్ ఏదైనా మీ లైబ్రరీలో కలిపి ఉంటే మొత్తాన్ని ఎంఐటీ (షరతులు చాలా తక్కువున్న లైసెన్స్) కింద ఇవ్వలేరు. ఉద్యోగంలో భాగంగా రాసిందైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం హక్కు ఉద్యోగమిచ్చిన యజమానిది. రాతపూర్వక అనుమతి తీసుకోండి.

ఎక్కువమంది వాడాలన్నదే కోరికైతే మా సలహా అపాచీ 2.0, ఇదీ ఎంఐటీలాగే షరతులు తక్కువున్న లైసెన్స్. ఎంఐటీ పొట్టిది, చదవడం తేలిక. కానీ పేటెంట్ల (ఆవిష్కరణలపై ఉండే హక్కుల) ఊసెత్తదు. అపాచీ పేటెంట్ అనుమతిని స్పష్టంగా ఇస్తుంది. ఒక చిక్కుంది: అపాచీ జీపీఎల్ వెర్షన్ 3తో పొసగుతుంది, వెర్షన్ 2 మాత్రమే అన్న ప్రాజెక్టులతో పొసగదు. లైబ్రరీలో చేసిన మార్పులు బయటికి రావాలి, దాన్ని వాడే యాప్ కోడ్ మాత్రం బయటపెట్టకుండా ఉండొచ్చు అనుకుంటే జీపీఎల్‌కు సడలించిన రూపమైన ఎల్‌జీపీఎల్ ఉంది.

లైసెన్స్ పూర్తి పాఠాన్ని ప్రాజెక్టు మొదటి ఫోల్డర్‌లోనే పెట్టండి. ప్యాకేజీ వివరాల్లోనూ అదే పేరు రాయండి. ఇతరుల కోడ్ చేరాక లైసెన్స్ మార్చాలంటే సాధారణంగా వాళ్లందరి ఒప్పుకోలూ కావాలి, కాబట్టి ఇప్పుడే తేల్చుకోండి.